పశువు కంటే ముందు పాల దారి

(సూరత్‌లో పనిచేస్తున్న తెలుగు సిబ్బంది, వ్యవసాయ రుణాల అధికారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సూరత్ అనగానే మనకు గుర్తొచ్చేవి రెండు: చీర, వజ్రం. ఈ ఊళ్లో తెలుగువాళ్లు ఇన్ని వేల మంది ఉండటానికి కారణం కూడా మొదటిదే. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా ఇక్కడి మరమగ్గాల మీద పని చేస్తున్నాయి. వాళ్లలో చాలామంది మన ఖాతాదారులే. నాలుగు రాళ్లు వెనకేసుకున్నాక వాళ్లు మన కౌంటర్ దగ్గర అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఊళ్లో రెండెకరాలుంది. పది బర్రెలతో డెయిరీ పెడదామనుకుంటున్నాం. ఇక్కడ సుముల్ వాళ్లు ఇంత బాగా నడుపుతున్నారు కదా, మా దగ్గర ఎందుకు నడవదు? లోన్ వస్తదా?"

ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పడానికే ఇవాళ్టి మాటలు. లోన్ వస్తుందా అన్నది చివరి ప్రశ్న. అక్కడ పాడి నిలుస్తుందా అన్నది మొదటి ప్రశ్న. నేను పశువైద్యుణ్ణి కాను, రుణాలు చూసేవాణ్ణి. అందుకని రుణం తీరే కోణం నుంచే మాట్లాడతాను. కరీంనగర్ వాళ్లకు బర్రె, గుంటూరు వాళ్లకు గేదె. ఏ పేరుతో పిలిచినా అది తినే మేత ఒకటే, మనం వేయాల్సిన లెక్కా ఒకటే.

ముందు ఇక్కడి సంగతి చూద్దాం. సూరత్ జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల సంఘం, మనం సుముల్ అని పిలిచేది, 1951లో ఏర్పడింది. ఆనంద్‌లో ఖేడా సంఘం 1946లో పుట్టింది. అంటే ఆ తరవాత అయిదేళ్లకే ఇక్కడ కూడా రైతులు అదే బాట పట్టారు. ఇవాళ సూరత్, తాపీ రెండు జిల్లాల పల్లెల పాలు ఈ సంఘానికి చేరతాయి.

ఇక్కడ పాడికి ప్రకృతి కొంత సాయం చేసింది. తాపీ నది ఉంది. దాని మీద ముందు కాకరాపార్ ఆనకట్ట, తరవాత 1972లో పూర్తయిన ఉకాయి డ్యామ్ వచ్చాయి. కాలువ నీళ్లతో బార్డోలీ చుట్టుపక్కల చెరకు పెరిగింది, సహకార చక్కెర మిల్లులు వచ్చాయి. చెరకు కోత కాలంలో దాని ఆకు పశువులకు మేతవుతుంది. ఇదంతా చూసి "నీళ్లున్నాయి కాబట్టి పాడి వచ్చింది" అనుకుంటాం. అందులో సగమే నిజం. తూర్పున వ్యారా, సోన్‌గఢ్, ఉచ్ఛల్ వైపు వెళ్లండి. కొండ ప్రాంతం. ఆదివాసీ రైతులకు ఉండేది ఎకరం, రెండెకరాలు. చాలా చోట్ల పంట వాన మీదే. అయినా అక్కడా పాలున్నాయి. రెండు పశువులున్న ఇంటి ఆడవాళ్లు తెల్లవారేసరికి క్యాన్ పట్టుకుని మండలీ దగ్గరికి వస్తారు.

వాళ్లను నిలబెట్టింది పాల దారి. ఊళ్లో సంఘం ఉంటుంది. పొద్దున, సాయంత్రం రెండు పూటలా పాలు తీసుకుంటుంది. లీటరా, రెండు లీటర్లా అని చూడదు. వెన్న కొలిచి "కిలో ఫ్యాట్" లెక్కన ధర కడుతుంది. డబ్బు ఖాతాలో పడుతుంది. ఏడాది చివర లాభంలో వాటా వస్తుంది, దాన్ని ఇక్కడ భావ్‌ఫేర్ అంటారు. దాణా కూడా సంఘం ద్వారానే దొరుకుతుంది. అంటే పాలు బయటికి వెళ్లే దారి, డబ్బు ఇంటికొచ్చే దారి, మేత వచ్చే దారి మూడూ ఊళ్లోనే కలుస్తాయి. ఆ దారి లేని ఊళ్లో ఎంత మేలైన ముర్రా గేదెను కట్టినా అది రైతు గుమ్మంలో కట్టిన అప్పే.

ఈ దారికి ఇంకో పరీక్ష చలికాలంలో వస్తుంది. మన దేశంలో గేదెలు ఎక్కువగా వానాకాలం చివర, చలికాలం మొదట్లో ఈనుతాయి. చలికాలంలో పాలు పొంగుతాయి, ఎండాకాలంలో తగ్గుతాయి. పొంగిన పాలను ఎవరు కొంటారు? ఆనంద్ సంఘానికి ఎదురైన చిక్కు ఇదే. గేదె పాలను పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు అన్నారు. కురియన్ గారి సహచరుడు హెచ్.ఎం. దలాయా చేసి చూపించారు. 1955లో ఆనంద్‌లో పాలపొడి కర్మాగారం మొదలైంది. అప్పటి నుంచి "ఇవాళ పాలు వద్దు" అని రైతును వెనక్కి పంపాల్సిన అవసరం పోయింది. కాబట్టి మీ ఖాతాదారు చెప్పే పాల కేంద్రం గురించి ఒక్క ప్రశ్న తప్పక అడగండి: "డిసెంబరులో కూడా అన్ని పాలూ తీసుకుంటారా?"

ఇక పాడికి కావలసిన మిగతా పరిస్థితులు చూద్దాం.

మొదటిది నీరు. పాలిచ్చే గేదె తాగడానికే రోజుకు అరవై నుంచి ఎనభై లీటర్లు కావాలి. కడగడానికి, పాక శుభ్రానికి ఇంకా కావాలి. పది గేదెలంటే రోజుకు వెయ్యి లీటర్లకు తక్కువ కాదు. బోరు ఆగస్టులో ఎలా పోస్తోందని కాదు, మే నెలలో ఎలా పోస్తుందని అడగాలి.

రెండోది పచ్చిమేత. ఒక్కో పశువుకు రోజుకు పాతిక కిలోలన్నా కావాలి. నీటి వసతి ఉన్న ఎకరంలో నేపియర్ గడ్డి వేస్తే నాలుగైదు పశువులకు ఏడాది పొడవునా సరిపోతుందని అనుకోవచ్చు. పది గేదెలకు రెండెకరాలు మేతకే పోతుంది. అంటే మన ఖాతాదారుకు ఉన్న భూమి మొత్తం. వరి ఎక్కడ వేస్తాడు? ఈ మాట ముందే అతనితో అనుకోవాలి. చెరకు ఆకు ఉన్నా అదొక్కటే పెడితే పశువు సున్నం లోపానికి గురవుతుంది, ఖనిజ లవణ మిశ్రమం కలపాలి. తెలంగాణలో వరిగడ్డికి కొదవ లేదు కానీ అందులో మాంసకృత్తులు తక్కువ. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను నీళ్లలో కరిగించి చల్లి, గాలి పోకుండా మూడు వారాలు మాగబెడితే అది కొంత మెరుగవుతుంది. మొక్కజొన్నను గింజ పాలు పోసుకుని గట్టిపడే దశలో కోసి పాతర వేసుకుంటే ఎండాకాలం గడుస్తుంది.

మూడోది వాతావరణానికి తగ్గ జాతి. గేదె నలుపు, దానికి చెమట గ్రంథులు తక్కువ. ఎండకు అది ఆవు కంటే ముందు అలసిపోతుంది. నీడ, నీళ్లు చల్లే ఏర్పాటు, వీలైతే చెరువు ఉండాలి. సంకర జాతి హోల్‌స్టీన్ ఆవుకు చల్లదనం కావాలి. ఉక్కపోతగా ఉండే సూరత్ లాంటి చోట ఫ్యాన్లు, ఎత్తైన పైకప్పు లేకుండా అది తన పాలు తాను ఇవ్వలేదు. పైగా పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు దానికే ఎక్కువ. ఈ ఊరి పేరుతోనే ఒక గేదె జాతి ఉంది, సూర్తీ. పేరు సూరత్‌దే అయినా దాని సొంత గడ్డ ఖేడా, ఆనంద్, వడోదరా ప్రాంతం. కొడవలి లాంటి కొమ్ములు, మెడ కింద రెండు తెల్లని పట్టీలు దాని గుర్తు. ముర్రా అంత పాలు ఇవ్వదు. కానీ ఒళ్లు చిన్నది, తిండి తక్కువ, వెన్న ఎక్కువ. కిలో ఫ్యాట్ లెక్కన డబ్బొచ్చే చోట, మేత తక్కువున్న రైతుకు అది సరిపోయే గేదె. లీటర్లు చూసి మోజుపడే ముందు "దీన్ని మన ఇంట్లో మేపగలమా" అని చూసుకోవడం ఇక్కడి రైతు పద్ధతి. మన వాళ్లు నేర్చుకోవాల్సింది అదే.

నాలుగోది వైద్యం, ఎద కనిపెట్టడం. గాలికుంటుకు, గొంతువాపుకు టీకాలు వేళకు పడాలి. పొదుగువాపును మొదటి రోజే పట్టుకోవాలి. అన్నిటికంటే రైతుకు ఎక్కువ నష్టం చేసేది కంటికి కనపడని జబ్బు, ఎద తప్పిపోవడం. గేదెకు, ముఖ్యంగా ఎండాకాలంలో, మూగ ఎద వస్తుంది. అరవదు, పెద్దగా లక్షణాలు చూపదు. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ ఇంటి మనిషి కనిపెట్టుకుని ఉండాలి. జీతగాడి మీద వదిలేస్తే ఎదలు జారిపోతాయి.

ఇది ఎంత ఖరీదైన సంగతో ఒక లెక్క వేసి చూద్దాం. సులువుగా అర్థం కావడానికి ధరలు నేనే అనుకుంటున్నాను. మీరు మీ ఊరి ధరలు వేసుకోండి.

ఒక గేదె ఈతకు 280 రోజులు, సగటున రోజుకు 8 లీటర్లు ఇస్తుందనుకుందాం. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. ఈనిన 120 రోజులకు మళ్లీ చూడి కట్టిందంటే ఈతకూ ఈతకూ మధ్య 430 రోజులు. అందులో 150 రోజులు వట్టిపోయి ఉంటుంది. మొత్తం పాలు 2,240 లీటర్లు. దాన్ని 430తో భాగిస్తే రోజుకు వచ్చేది 5.2 లీటర్లే. అప్లికేషన్‌లో రాసే 8 లీటర్లకూ ఖాతాలోకి వచ్చే 5.2 లీటర్లకూ ఉన్న తేడా ఇది. లీటరుకు 50 రూపాయలైతే రోజు రాబడి 260.

ఖర్చు చూద్దాం. పాలిచ్చేటప్పుడు రోజుకు అయిదున్నర కిలోలు, వట్టిపోయినప్పుడు రెండు కిలోలు దాణా. కిలో 30 రూపాయల చొప్పున 430 రోజుల సగటు రోజుకు 128. ఎండుగడ్డి ఆరు కిలోలు, 36 రూపాయలు. పచ్చిమేత పాతిక కిలోలు. సొంత పొలంలో పండిస్తే కిలో రూపాయిన్నర పడుతుందనుకుందాం, సుమారు 37 రూపాయలు. మిగిలేది రోజుకు 59 రూపాయలు. రెండు గేదెలకు నెలకు మూడున్నర వేలు. రెండు గేదెల మీద 1 లక్షా 70 వేల అప్పు అయిదేళ్లకు ఇస్తే నెల వాయిదా కూడా ఇంచుమించు అంతే. దూడ, పేడ ఎరువు, ఇంట్లో తాగే పాలు రైతుకు మిగులు. ఇంటివాళ్ల కష్టానికి ఈ లెక్కలో కూలి లేదు, మందులకూ బీమాకూ పైసా తీయలేదు.

ఇప్పుడు అదే పచ్చిమేతను కిలో నాలుగు రూపాయలకు కొనండి. 59 రూపాయల మిగులు పోయి రోజుకు నాలుగు రూపాయల నష్టం మొదలవుతుంది. మేత సొంతమే కానీ నాలుగు ఎదలు తప్పిపోయాయనుకోండి. ఇరవై ఒక్క రోజుల చొప్పున దాదాపు మూడు నెలలు. ఈతల మధ్య ఎడం 430 నుంచి 520 రోజులకు పోతుంది. పాలు ఆ 280 రోజులే ఇచ్చిందనుకుంటే రోజు మిగులు 59 నుంచి 26కు పడిపోతుంది. గేదె బాగానే ఉంది. జబ్బు లేదు. పాల ధర తగ్గలేదు. వాయిదాలో సగం మాత్రం మాయమైంది. మన పుస్తకాల్లో అది మొండి బాకీ అవుతుంది. ఆ ఇంట్లో ఆమె మెడలోని పుస్తెలతాడు తాకట్టుకు పోతుంది.

పరిస్థితులు చూడకుండా పశువును ఇస్తే ఏమవుతుందో దేశం ఒకసారి పెద్ద ఎత్తున చూసింది. 2006లో విదర్భలోని ఆరు జిల్లాల రైతులకు ప్రకటించిన ప్యాకేజీలో పాడి పశువుల పంపిణీ కూడా ఉంది. పత్తి పండే మెట్ట ప్రాంతం, నీళ్లకు కరువు, మేతకు కరువు. చాలా ఇళ్లలో ఆ ఆవులను మేపలేక అమ్ముకున్నారు, వదిలించుకున్నారు. ఉద్దేశం మంచిదే. ఆవు కూడా మంచిదే. దానికి కావలసినవి అక్కడ లేవు.

అలాగని మన దగ్గర నడవదని కాదు. మన ఖాతాదారుల సొంత జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉంది. పాత కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956లోనే సహకార గ్రామీణ బ్యాంకు పెట్టుకున్నారు. తరవాత 2000ల మొదట్లో చుట్టుపక్కల ఊళ్ల మహిళలు కలిసి తమ సొంత డెయిరీ పెట్టుకున్నారు. "స్వకృషి" పేరుతో వాళ్ల పాలు అమ్ముడవుతాయి. అక్కడ తాపీ లేదు, ఉకాయి లేదు. పాల దారి వాళ్లే వేసుకున్నారు. సూరత్ నుంచి కరీంనగర్‌కు మోసుకెళ్లాల్సింది ఈ క్రమాన్నే: ముందు దారి, తరవాత పశువు.

ఇక మన బల్ల దగ్గర చేయాల్సిన పనులు. ఇవి చిన్నవే.

పది గేదెలు అడిగినవారికి ఒకేసారి పది ఇవ్వకండి. ముందు సగం, అయిదారు నెలల తరవాత మిగతా సగం. మొదటివి వట్టిపోయే వేళకు రెండోవి పాలలో ఉంటాయి. ఖాతాలోకి డబ్బు రావడం ఆగదు. ఈ ఒక్క జాగ్రత్త చాలా రుణాలను కాపాడుతుంది.

కొనేటప్పుడు రెండో ఈతదో మూడో ఈతదో, ఈని నెల దాటనిదో చూడమనండి. అమ్మకందారు చెప్పిన లీటర్లు నమ్మకుండా వరసగా మూడు పూటలు తమ కళ్లముందు పిండించి కొలవమనండి. హర్యానా నుంచి లారీలో వచ్చిన గేదె మొదటి కొన్ని వారాలు అక్కడిచ్చినన్ని పాలు ఇవ్వదు. ఆ లోటుకు చేతిలో డబ్బుండాలి. అందుకే పశువు ధర మీదే రుణం కట్టకుండా మొదటి నెలల మేత, దాణా ఖర్చు కూడా లెక్కలో చేర్చండి.

దాణా ఖర్చుకు కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. 2018-19 బడ్జెట్ నుంచి పశుపోషణకూ దాన్ని వర్తింపజేశారు. వేళకు కట్టినవారికి వడ్డీ రాయితీ అందుతుంది. ఈ సంగతి తెలియక బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి దాణా అరువు తెచ్చుకునేవారున్నారు. మనం చెప్పకపోతే వాళ్లకు చెప్పేవారు లేరు. పాల సంఘంతో మూడు పక్షాల ఒప్పందం రాసుకుంటే వాయిదా పాల బిల్లు నుంచే వస్తుంది. పాలు పోసేవారు ఎవరో వారి పేరునే ఖాతా ఉండేలా చూడండి. చాలా ఇళ్లలో అది ఇల్లాలే.

బీమా లేకుండా పశువు కొట్టం గుమ్మం దాటి లోపలికి రాకూడదు. చెవికి పన్నెండు అంకెల ట్యాగు ఉండాలి, ఆ నంబరు మన కాగితాల్లో ఉండాలి. ట్యాగు ఊడిపోతే వెంటనే చెప్పి కొత్తది వేయించుకోవాలని రైతుకు తెలిసి ఉండాలి. పశువు చచ్చిపోయిన రోజు తెలిసి లాభం లేదు.

చివరగా, తనిఖీ అంటే గేదెతో ఫోటో దిగి రావడం కాదు. నాలుగు చోట్లకు వెళ్లండి. మేత మడి దగ్గరికి, నీళ్ల తొట్టి దగ్గరికి, పాల కేంద్రంలో పాస్‌బుక్ దగ్గరికి, చివరికి గేదె దగ్గరికి. గేదె దగ్గర అడగాల్సిన ప్రశ్న "ఎన్ని లీటర్లు" అన్నది కాదు. "ఈని ఎన్నాళ్లయింది, మళ్లీ చూడి కట్టిందా" అన్నది. ఆ జవాబులో వచ్చే ఏడాది వాయిదా ఉంది.

కొన్నిసార్లు ఇవన్నీ చూశాక "అన్నా, ఇప్పుడు పది వద్దు, రెంటితో మొదలుపెట్టు" అని చెప్పాల్సి వస్తుంది. "ముందు గడ్డి వేయి, గడ్డి మొలిచాక రా" అని చెప్పాల్సి వస్తుంది. మన టార్గెట్‌కు అది ఆ నెల తగ్గినట్టే. కానీ మగ్గం మీద ఇరవై ఏళ్లు నిలబడి కూడబెట్టిన డబ్బు అది. దాన్ని తీసుకుని ఊరికి వెళ్లే మనిషికి మంచి రుణం ఎంత అవసరమో, వేళకు చెప్పిన నిదానమూ అంతే అవసరం. ఆ రెండూ ఇవ్వగలిగింది బ్యాంకు మనిషే.

 ప్రశ్నలుంటే అడగండి, ముఖ్యంగా ఇంట్లో గేదె ఉన్నవాళ్లు.